వారమంతా పరవాడ, వారాంతం మన్యం

విశాఖలో ఆఫీసు పని పడిందని చెప్తే చాలు, "అరకు వెళ్లొచ్చావా?" అంటారు అందరూ. నేనైతే "పని ఊళ్లో ఏ మూల?" అని అడుగుతాను. శని, ఆదివారాలు ఎలా గడుస్తాయన్నది సగం అక్కడే తేలిపోతుంది. మధురవాడ ఐటీ హిల్స్ వైపు పనిచేసేవాళ్లకి భీమిలి పక్కనే. నాలాగా పరవాడ ఫార్మాసిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో మెషీన్లు చూసుకుంటూ గాజువాకలో బస చేసేవాళ్లకి, చలికాలం టెంటులో ఓ రాత్రి గడపాలంటే, అరకు కన్నా కొండ మీది చల్లటి ఊరు లంబసింగి సుఖం. ఎన్‌ఏడీ, పెందుర్తి ట్రాఫిక్‌లో ఇరుక్కునే బదులు హైవే ఎక్కి అనకాపల్లి దాటి, తాళ్లపాలెం దగ్గర కుడివైపు తిరిగితే నేరుగా నర్సీపట్నం. అక్కడి నుంచి లంబసింగి దాదాపు 30 కిలోమీటర్లు, అందులో చివరి భాగం ఘాట్.

శుక్రవారం సాయంత్రం ప్లాంటు నుంచి బయటపడేసరికి ఎలాగూ చీకటి పడుతుంది. ఆ ఊపులో రాత్రికే కొండెక్కేయాలనిపిస్తుంది. వద్దు. డిసెంబరు రాత్రి మంచు దిగాక ఆ మలుపుల్లో హెడ్‌లైటు వెలుగు మొహం మీదికే తిరిగొస్తుంది, రోడ్డు అంచు కనపడదు. నర్సీపట్నంలో మామూలు లాడ్జిలో పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎక్కడమే నా పద్ధతి. ఆ లాడ్జి గదికి వేడినీళ్లు, శుభ్రమైన దుప్పటి తప్ప ఇంకేం ఆశించను. మరీ రోడ్డు వైపు గది మాత్రం తీసుకోవద్దు, బస్టాండు దగ్గర హారన్లు తెల్లవార్లూ ఆగవు.

కంపెనీ హోటల్ గది సంగతి వేరే. శుక్రవారం ఉదయమే చెక్ అవుట్ చేసి, పెట్టెని రిసెప్షన్‌లో చీటీ రాయించుకుని వదిలేస్తాను. ఆదివారం సాయంత్రం మళ్లీ చెక్ ఇన్. రెండు బిల్లులు విడివిడిగా వస్తాయి కాబట్టి అకౌంట్స్ వాళ్లతో వాదన ఉండదు. వారాంతం ఖర్చు నాది, పనిరోజుల ఖర్చు వాళ్లది. మా మేనేజరుకి ముందే ఒక మెయిల్ పెట్టేస్తాను, శని, ఆదివారాలు సొంత పని మీద ఉంటానని. దారిలో ఏదైనా జరిగితే అది డ్యూటీలో జరిగినట్టా కాదా అన్న ప్రశ్న అప్పుడు పుట్టకుండా ఉంటుంది. లాప్‌టాప్ మాత్రం పెట్టెలో వదలను, అలాగని టెంటులోకీ తీసుకెళ్లను. సైట్‌లో మనకిచ్చిన లాకర్‌లో పెట్టి తాళం వేయడం అన్నిటికన్నా మంచిది. ఇంకో లాభం కూడా ఉంది, శనివారం పొద్దున ఎవరైనా "చిన్న రిపోర్టు" అడిగితే నిజంగానే చేయలేం.

బండి దగ్గర కొంచెం ఆగి చెప్పాలి. సెల్ఫ్ డ్రైవ్‌కి చట్టప్రకారం ఇచ్చే కారుకి నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. ఊళ్లో తక్కువ అద్దెకి దొరికేవాటిలో చాలా వరకు తెల్లప్లేటు సొంత కార్లే. సొంత వాడకానికి బీమా తీసుకున్న కారుని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. ఘాట్‌లో నడపబోతూ ఆ నాలుగొందలో అయిదొందలో మిగుల్చుకోవడం నాకు నచ్చదు. నల్లప్లేటు బండి తీసుకున్నా వాళ్ల ముందే చుట్టూ తిరిగి వీడియో తీయండి, బంపరు కింద కూడా. ఒక అద్దె సంస్థ నాకు వెనక చక్రం దగ్గర ఎప్పటిదో గీతని చూపించి డిపాజిట్‌లో కోత పెట్టింది. వీడియో చూపించాకే తిరిగి వేశారు, అదీ వారం తిప్పించుకుని. పెట్రోలు నర్సీపట్నంలోనే నింపుకోవాలి. పైన బంకులు లేక కాదు గానీ, వారాంతం వాటి దగ్గర క్యూ చూస్తే దిగివచ్చేద్దామనిపిస్తుంది.

లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. ఊరి నడుమ సెంటరులో నిలబడితే మాత్రం ఈ గొప్పతనమేదీ కనపడదు. కార్లు, సెల్ఫీలు, టీ కప్పులు. "ఆంధ్రా కశ్మీర్" అని ఎవరు పేరు పెట్టారో గానీ, ఆ పేరే ఊరికి ఇంత రద్దీ తెచ్చిపెట్టింది. టెంటు వేయించుకునేవాళ్లు సెంటరు దాటి తాజంగి రిజర్వాయరు వైపు కొంచెం ముందుకెళ్తే మంచిది. నీటి పక్కన పొగమంచు ఇంకా చిక్కగా ఉంటుంది. గట్టు మీద నడక కూడా బాగుంటుంది. స్ట్రాబెర్రీ తోటలు అటూ ఇటూ కనిపిస్తాయి, కోయనిస్తారు, తూకం వేసి అమ్ముతారు.

ఇక్కడి టెంటు క్యాంపులు రెండు రకాలు. నగరం నుంచి వచ్చి స్థలం లీజుకి తీసుకుని నడిపేవాళ్లవి ఒక రకం. లైట్ల తోరణాలు, పాటల పెట్టె, "అన్‌లిమిటెడ్" బార్బెక్యూ ఉంటాయి. ఊరి కుర్రాళ్లు తమ పొలంలోనే అయిదారు టెంట్లు వేసి నడిపేవి రెండో రకం. మొదటి రకంలో నాకు పడని విషయం ఒక్కటే, పాటలు అర్ధరాత్రి దాటినా ఆపరు. ఫోన్‌లో "పదికల్లా ఆపేస్తాం సార్" అన్నవాళ్లు కూడా ఆపలేదు. పక్క టెంటులో పన్నెండుమంది వచ్చి ఊగుతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు! రెండో రకంలో నిద్ర గ్యారంటీ, బాత్‌రూమ్ కాదు.

టెంటు బుక్ చేసేటప్పుడు నేను వ్యూ గురించి అడగను. బాత్‌రూమ్ ఎన్ని టెంట్లకి ఒకటి, అందులో నీళ్లు పంపువా, డ్రమ్మువా, రాత్రి లైటు ఉంటుందా అని అడుగుతాను. సూర్యోదయం అందరికీ ఒకటే, తెల్లారేసరికి డ్రమ్ములో నీళ్లు మాత్రం ముందు లేచినవాడివే. బాత్‌రూమ్ ఫొటో పంపమంటే కొందరు నవ్వుతారు, కొందరు ఫోన్ పెట్టేస్తారు. పంపినవాళ్ల దగ్గరే దిగాను, నిరాశ పడలేదు.

తాజంగి దగ్గర టెంటు వేసిన కుర్రాడి పని చూసి నేర్చుకున్నది చాలా ఉంది. ముందు నేలమీద చేత్తో తడిమి రాళ్లు ఏరేశాడు. ఎండుగడ్డి జానెడు మందాన పరిచాడు, దానిమీద టార్పాలిన్, ఆపైన టెంటు. తల వైపు కొంచెం ఎత్తుగా ఉండేలా చూసి, ఎగువన పారతో చిన్న కాలవ తీశాడు. చలి కదా అని నేను జిప్పులన్నీ బిగించబోతే ఆపాడు. "అలా మూసేస్తే లోపల వాన పడతాది సార్. పైన కిటికీ ఇంత తెరిచి ఉంచండి." నిజమే. మన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి నీళ్లయి కారుతుంది. పక్కన అన్నీ బిగించుకుని పడుకున్నవాళ్ల దుప్పట్లు పొద్దున్నకి పిండేలా ఉన్నాయి. బూట్లు బయట వదలొద్దనీ చెప్పాడు, మంచుకి తడవడమే కాదు, లోపల ఏం దూరతాయో తెలీదు. దోమతెర ఉన్న టెంటే అడగండి. ఏజెన్సీలో మలేరియా భయం ఈనాటిది కాదు, చలికాలమైనా సాయంత్రం దోమలుంటాయి.

ధరల మాటకొస్తే, డిసెంబరు శనివారం రాత్రికి అడిగేది శుక్రవారానికి దాదాపు రెట్టింపు. పనిమీద వచ్చేవాళ్లకి ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. కాంప్ ఆఫ్ (సెలవురోజు పనిచేసినందుకు బదులుగా ఇచ్చే సెలవు) ఉంటే శుక్రవారం సెలవు పెట్టి గురువారం రాత్రే నర్సీపట్నం చేరండి. శుక్రవారం రాత్రి టెంటు, శనివారం మధ్యాహ్నానికి దిగిపోవడం. మీరు దిగుతుంటే ఎదురుగా ఎక్కే కార్ల వరస చూడాలి!

వంజంగి అనే కొండ ఊరి మీద నాకు మమకారం ఎక్కువ, కాబట్టి కాస్త తగ్గించి నమ్మండి. పాడేరు దగ్గరే, అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడ్డాక పాడేరే జిల్లా కేంద్రం. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి రావచ్చు, లంబసింగి నుంచి చింతపల్లి, జి.మాడుగుల మీదుగా లోపలి దారిలోనూ రావచ్చు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా వేస్తున్న 516ఈ జాతీయ రహదారిలో భాగమే ఈ లోపలి దారి. పూర్తయిన చోట కారు సాగిపోతుంది, తవ్వి వదిలిన చోట ఎర్రదుమ్ము. గూగుల్ చూపే సమయానికి గంట కలుపుకోండి.

వంజంగిలో మేఘాలకొండ ఎక్కేది తెల్లవారకముందే. బండ్లు ఆగే చోటి నుంచి చీకట్లో రాళ్లదారి, టార్చి లేకపోతే కష్టం. సెల్‌ఫోన్ లైటు సరిపోతుందనుకుంటాం గానీ, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, తలకి కట్టుకునే లైటు మేలు. పైకి చేరాక లోయంతా పాలపొంగులా మేఘం, దానిమీద దూరంగా నల్లటి కొండ కొసలు. ఈ మాట అందరూ రాసిందే. ఎవరూ రాయనిది, ఇది ప్రతిరోజూ దొరకదని. ముందురోజు వానపడి, రాత్రి ఆకాశం తెరిపినిచ్చి, గాలి లేకుండా చలి పెరిగితే లోయలో మేఘం నిలుస్తుంది. గాలి వీచే రాత్రుల తర్వాత వట్టి కొండలే. టెంటు నిర్వాహకుల్ని "రేపు మేఘం పడుతుందా?" అంటే తప్పకుండా అంటారు. అదే మాట అక్కడ టీ కాసే ఆవిడని అడిగితే, "గాలి తోలుతోంది బాబూ, రేపు పడదు" అంది. పడలేదు.

కొండ కింద టెంట్లు వరసగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్కవాళ్ల గురక మన సొంత గురకలా వినిపిస్తుంది. నా సలహా, పాడేరులో గది తీసుకోండి. గది నుంచి నాలుగింటికి బయల్దేరినా సూర్యోదయం అందుతుంది, దిగి వచ్చాక వేడినీళ్లూ ఉంటాయి. ఈ పాదాల మీదే సోమవారం సేఫ్టీ షూ వేసుకుని నిలబడాలి మరి. ప్రవేశ రుసుముకి, పార్కింగ్‌కి చిల్లర నోట్లు ఉంచుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది.

అరకుని కారులో కాకుండా రైల్లో చూడాలన్నది నా అభిప్రాయం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తేవడానికి 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది, మొత్తంలో 58 సొరంగాలు. 2017లో తెచ్చిన అద్దాల విస్టాడోమ్ బోగీకి శనివారం టికెట్ దొరకడం గగనం. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, మన ట్రిప్పు మాత్రం పది రోజుల ముందు తేలుతుంది! మామూలు బోగీలో కిటికీ సీటు దొరికినా తక్కువేం కాదు, పైగా సొరంగం నుంచి బయటపడగానే గాలి మొహానికి తగులుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పూసి పొలాలన్నీ పసుపు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం. బొర్రా గుహలు చూసి తీరాలి, కానీ ఆదివారం పదకొండు తర్వాత లోపల మనుషుల వేడికి ఉక్కపోస్తుంది. క్యాంపింగ్‌కి మాత్రం అరకు నాకు ఆనలేదు. ఊరు పట్నమైపోయింది, టెంట్లు హోటళ్ల పెరళ్లలో ఉన్నాయి. పర్యాటక సంస్థ వారి హరిత గదులు పాతబడ్డా విశాలంగా ఉంటాయి, సర్వీసు నిదానం. త్వరపడే పని లేకపోతే అవే నయం.

మారేడుమిల్లి విశాఖలో పనున్నవాళ్లకి కాదు. రాజమండ్రిలోనో, కాకినాడలోనో పని పడితే తీసి పక్కన పెట్టొద్దు. వాలమూరు దగ్గర అటవీశాఖ జంగిల్ స్టార్ క్యాంపు, పక్కనే వాగు. బొంగులో చికెన్ రోడ్డుపక్కనే కాలుస్తారు, మనముందు కొత్త వెదురు కోసి కూరేవాళ్ల దగ్గరే తినండి.

ఇక జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో పనిపడితే టెంటు ఊసెత్తొద్దు. ఘాట్‌లో చరియలు పడతాయి, రైలు లైను మీదా పడతాయి, సోమవారం తొమ్మిదింటి మీటింగుకి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ నెలల్లో నేను బీచ్ రోడ్డు పట్టుకుని తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ భీమిలి వెళ్తాను. గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చుని, రాత్రికి గాజువాక గదికి వచ్చేస్తాను. మాడుగుల హల్వా కోసం మాత్రం ఏ నెలైనా చోడవరం దాకా వెళ్లొచ్చు, అక్కడ కూడా దొరుకుతుంది.