పక్కింటోళ్లకి ముందే చెప్పాలా, పర్మిషన్ వచ్చాక చెప్పాలా?

మన హైదరాబాద్‌లో పాత ఇల్లు కొట్టేసి జీ ప్లస్ 2 (గ్రౌండ్ మీద రెండంతస్తులు) కట్టేవాళ్లకి ఈ డౌట్ కామన్. 2020లో టీఎస్ బీపాస్ (తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల) చట్టం వచ్చాక 500 చదరపు మీటర్లలోపు ప్లాట్‌లో 10 మీటర్ల ఎత్తు వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో (వివరాలన్నీ నిజమేనని మనమే రాసిచ్చి) ఆన్‌లైన్‌లో వెంటనే పర్మిషన్ వస్తుంది, పక్కోళ్ల సంతకం ఎవరూ అడగరు. అందుకే చాలామంది సైలెంట్‌గా అప్లై చేసేసి, జేసీబీ గేటు ముందుకి వచ్చిన రోజే చెప్తారు. స్పీడు పరంగా ఇదే బెస్ట్, ఒప్పుకుంటా.

కానీ మనమిచ్చిన కొలత తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే పవర్ ఆ చట్టంలోనే ఉంది, ఆ తప్పుని ముందు పట్టేది ఎవరనుకుంటున్నారు, రోజూ బాల్కనీలోంచి చూసే పక్కింటి అంకులే!

ముందే ప్లాన్ పట్టుకుని వెళ్తే ఒక సాయంత్రం, రెండు చాయ్‌లు, కొంచెం సోది (వాస్తు గురించి కూడా వినాలి, తప్పదు). కానీ కాంపౌండ్ వాల్ ఎవరిది, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎక్కడినుంచి కొలవాలి, మన బాత్రూం కిటికీ వాళ్ల పూజగది వైపు పడుతుందా లాంటివి కాగితం మీదే మార్చుకోవచ్చు, స్లాబ్ పడ్డాక అయితే లక్షలు. వాళ్ల గోడల ఫొటోలు ఇద్దరూ కలిసి తీసుకుని పెట్టుకోండి, రేపు పగుళ్ల పంచాయితీ వస్తే అవే పనికొస్తాయి.

ఇల్లుని షాపుగా మార్చాలంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, ముందే చెప్పండి. ల్యాండ్ యూజ్ (స్థలాన్ని దేనికి వాడొచ్చన్నది) మార్పుకి ఎలాగూ పబ్లిక్ నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు, పేపర్లో చూసి తెలుసుకున్న పక్కింటి మనిషి మామూలు కంటే రెండింతలు గట్టిగా అభ్యంతరం రాస్తాడు.