సెకండ్ హ్యాండ్ కారవాన్ కొనేవారు ముందుగా కరెంటు వైరు పీకించి చూడండి

గత నెల విజయవాడలో నేను ఒక పాత కారవాన్ కొన్నాను. 17 సీట్ల టెంపో ట్రావెలర్‌లో పడకలు, చిన్న వంటగది, ఏసీ, ఫ్రిజ్ అమర్చిన బండి అది. అమ్మినవారి పేరు రాయను గానీ, ఆయన బండిని చూపించిన తీరు మాత్రం కొనేవారందరికీ తెలియాలి.

నేను వెళ్లిన రెండుసార్లూ బండి ఆయన షెడ్డులోనే, గోడ ప్లగ్గుకు తగిలించిన వైరుతో ఉంది. ఏసీ చల్లగా వచ్చింది, ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టింది. అవన్నీ ఇంటి 230 వోల్టుల కరెంటుతో నడుస్తున్నాయే తప్ప బండిలోని బ్యాటరీలతో కాదన్న సంగతి నాకు తట్టలేదు. కుటుంబంతో సూర్యలంక వెళ్లిన మొదటి రాత్రి, తొమ్మిది కాకముందే ఫ్యాన్లు, దీపాలు, నీళ్ల మోటారు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఉక్కలో, దోమల మధ్య తెల్లవార్లూ కూర్చున్న మా అత్తగారు ఇంతవరకూ ఆ మాట ఎత్తకపోవడం ఆవిడ మంచితనం.

తిరిగివచ్చాక ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ బ్యాటరీలను రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి, వైరు తీసి, కొన్ని గంటలు ఆగి మల్టీమీటరు పెడితే 11.8 వోల్టులు చూపింది. బాగున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆ స్థితిలో సుమారు 12.6 చూపాలి. ఛార్జింగ్ తీసిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువగానే కనిపిస్తుంది కనుక దానిని నమ్మవద్దు. ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు గంటసేపు బ్యాటరీ మీదే నడిపించి చూడండి. అంతకన్నా భయపెట్టిన విషయం, బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు వెళ్లే తీగకు ఫ్యూజే లేకపోవడం. 12 వోల్టులే కదా అనుకోవద్దు. ఇన్వర్టరు మీద వెయ్యి వాట్ల పరికరం నడిస్తే ఆ తీగలో 80 ఆంపియర్లకు పైగా కరెంటు పారుతుంది. అది ఒరుసుకుని బాడీకి తగిలితే నిప్పు అంటుకోవచ్చు.

గ్యాస్ సిలిండరు ఉంచే గూటికి అడుగుభాగంలో బయటికి రంధ్రం ఉండాలి, ఎందుకంటే ఎల్పీజీ గాలికన్నా బరువైనది, కారితే కిందికే దిగి పేరుకుంటుంది. మా బండిలో, దుమ్ము వస్తోందని కాబోలు, దానిని రేకుతో మూసేశారు. నీళ్ల సంగతికొస్తే, కుళాయిలన్నీ కట్టేసినా మోటారు ఆగి ఆగి కొట్టుకుంటుంటే ఎక్కడో కారుతున్నట్టే.

చివరిది కాగితాలు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుమతి పొంది చేసిన మార్పును ఆర్సీలో ఎక్కించుకోవాలి. బేరం రోజున ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిచూసుకున్న నేను సీట్ల గడి మాత్రం చదవలేదు. అందులో ఇప్పటికీ 17 అనే ఉంది. పేరు మార్పిడి అక్కడే ఆగింది, అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు.