నల్లగొండలో మా ఇంటి ఏసీ1200 రూటర్: రెండేళ్ల వాడకం తర్వాత

మా ఇల్లు నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు. కింద మూడు గదులు, పైన ఒకటి, మధ్యలో మందపాటి స్లాబు. అప్పుడూ ఇప్పుడూ మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లానే. నెల బిల్లు ఒక్క రూపాయి పెంచకుండా నెట్ నమ్మకంగా నడుస్తోంది. ఏసీ1200 రకం డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద వై-ఫై ఇచ్చే) రూటర్ తీసుకుని రెండేళ్లు దాటింది కాబట్టి, దాని గురించీ దానితో పాటు చేసిన మార్పుల గురించీ రాస్తున్నాను.

రూటర్ కొనే ముందే, కనెక్షన్‌తో ఇచ్చిన ఫైబర్ డబ్బాకు ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ చూశాను. 94, 95 వచ్చింది. అదే సమయంలో పడకగదిలో ఫోన్ పెట్టి చూస్తే 10 దాటలేదు. అంటే లైన్ బాగానే ఉంది, పోయేదంతా ఇంట్లోనే పోతోంది. నెట్ నెమ్మదిగా ఉందని కంపెనీకి కంప్లైంట్ ఇచ్చిన ప్రతిసారీ "ప్లాన్ పెంచుకోండి సార్, అంతా సెట్ అయితది" అనే చెప్పేవాళ్లు. ఈ పరీక్ష చేసుకోకుండా ఎవరూ ప్లాన్ పెంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

కనెక్షన్ ఇచ్చినప్పుడు వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే, ముందు గదిలో ఇనుప బీరువా పక్కన డబ్బా బిగించి వెళ్లారు. ఇనుము వై-ఫైని అడ్డుకుంటుంది. కొత్త రూటర్‌ని హాలు మధ్య గోడకు, తల కంటే కాస్త ఎత్తులో పెట్టించాను. ఫైబర్ తీగని మాత్రం కదపలేదు, అది ఎక్కడైనా బాగా వంగితే లోపల డేటాని మోసుకొచ్చే వెలుతురు తగ్గిపోతుంది. డబ్బా నుంచి హాలు దాకా క్యాట్6 రకం లాన్ కేబుల్ లాగించాం. కేబుల్ చివర్లు బిగించేవాళ్లకు ఎనిమిది తీగలూ కలపమని తప్పకుండా చెప్పండి. నాలుగే కలిపినా నెట్ వస్తుంది, కానీ 100 దగ్గరే ఆగిపోతుంది. తర్వాత పెద్ద ప్లాన్‌కి మారితే అప్పుడు తెలుస్తుంది నష్టం.

పెట్టె మీద 1200 అని ఉంటే ఫోన్‌లో అంత వస్తుందనుకోవద్దు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కలిపి, పైకి సర్ది రాసుకున్న అంకె అది. ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది, చేతికొచ్చేది ఆ బ్యాండ్ అంకెలో సగం దరిదాపులే. మా 100 ప్లాన్‌కి అదే ఎక్కువ. నేను రెండు బ్యాండ్లకూ వేరు వేరు పేర్లు పెట్టాను. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 మీద, ప్రింటర్, గేటు కెమెరా 2.4 మీద ఉంటాయి. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే చుట్టుపక్కల ఇళ్ల వై-ఫైలన్నీ 2.4 బ్యాండ్‌లో 6వ చానల్ (బ్యాండ్‌లో ఒక ముక్క) మీదే గుంపు కట్టి కనిపించాయి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11. మాది 1కి మార్చి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపాను. గేటు కెమెరా మాటిమాటికీ ఆఫ్‌లైన్ అవడం ఆ రోజుతో ఆగింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది క్యూఓఎస్ అనే సెట్టింగ్, అంటే ఎవరి డేటా ముందు వెళ్లాలో రూటర్‌కి చెప్పేది. మా ఆవిడ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. సాయంత్రం మీటింగ్‌లో సరిగ్గా తను మాట్లాడేటప్పుడే గొంతు తెగిపోయేది. స్పీడ్ టెస్ట్ చేస్తే అంతా బాగానే చూపించేది, అందుకే కారణం తొందరగా దొరకలేదు. పిల్లల ఫోన్లు వై-ఫై దొరకగానే ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి ఎక్కించడం మొదలుపెడతాయి. అప్‌లోడ్ దారి నిండిపోయి, కాల్‌కి సంబంధించిన డేటా వాటి వెనక క్యూలో నిలబడుతుంది. రూటర్‌లో మొత్తం స్పీడ్‌ని 90కి పరిమితం చేసి, తన ల్యాప్‌టాప్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చాను. చూడ్డానికి 10 ఎంబీపీఎస్ వదులుకున్నట్టే, కానీ ఆ టెన్షన్ మళ్లీ లేదు. ఇది సరిగ్గా పనిచేయాలంటే ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రూటర్ పని మానేసి, నెట్‌ని మన రూటర్‌కి అందించడమే చేసేలా) పెట్టించి, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మన రూటర్‌లోనే ఇవ్వడం మేలు. అడిగితే కంపెనీవాళ్లు ఫోన్‌లోనే మార్చిపెట్టారు.

ఈ రూటర్‌కి చేతకానిది పై గది. స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ అంతగా ఎక్కదు. ముందు ఒక రిపీటర్ తెచ్చి చూశాం. ఒకే బ్యాండ్ మీద అందుకుని అదే బ్యాండ్ మీద పంపే రకం కాబట్టి స్పీడ్ సగానికి పడిపోయింది. దాన్ని తీసేసి మెట్ల పక్క నుంచి కేబుల్ పైకి లాగి, ఇంట్లో మూలన ఉన్న పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వై-ఫైగా ఇచ్చేలా) పెట్టాం. నాన్న ఇప్పుడు పైన టీవీ చూసేటప్పుడు చక్రం తిరగడం లేదు. కింది టీవీకి కూడా నేరుగా కేబులే ఇచ్చాను. కదలని వస్తువులకు వై-ఫై అనవసరం.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే రూటర్, డబ్బా రెండూ ఆగి మళ్లీ మొదలయ్యేవి. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాక ఆ బాధ పోయింది. కొనేటప్పుడు రెండిటి అడాప్టర్ల మీదా రాసిన ఆంపియర్లు కలిపి చూసుకోండి. డీఎన్ఎస్ (సైటు పేరుకి దాని అంకెల చిరునామా వెతికిపెట్టే సర్వర్) మారిస్తే స్పీడ్ పెరుగుతుందని చాలామంది చెబుతారు. పేజీ తెరుచుకోవడం మొదలయ్యేటప్పుడు కొంచెం చురుకు కనిపించొచ్చు, డౌన్‌లోడ్ స్పీడ్ మాత్రం మారదు.

రూటర్ ఏం చేసినా ఆపలేనిది ఒకటుంది. కోతల సీజన్‌లో వరిగడ్డి ఎత్తుగా వేసుకుని ట్రాక్టర్లు వస్తే, స్తంభాల మధ్య జారి వేలాడే ఫైబర్ తీగలు వాటికి చిక్కుకుంటాయి. డబ్బా మీద ఎల్ఓఎస్ లైటు (ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని చెప్పేది) ఎర్రగా ఉంటే సెట్టింగులు వెతకడం దండగ, కంప్లైంట్ ఇవ్వాల్సిందే. ఎరుపు లేకుండా నెట్ ఊగిసలాడుతుంటే బ్రౌజర్‌లో తెరుచుకునే డబ్బా సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ (డబ్బాకు అందే వెలుతురు బలం, డీబీఎంలలో) చూడండి. మైనస్ 20 దగ్గర ఉంటే మంచిది. మాకు ఒకసారి మైనస్ 28 చూపించింది. ఆ అంకె చెప్పి కంప్లైంట్ ఇచ్చాక ప్లాన్ మాట ఎత్తకుండా మనిషిని పంపి జాయింట్ మళ్లీ వేయించారు.

ఇవాళ కొత్తగా కొనేవాళ్లకు ఏసీ1200 చెప్పను. దానికి కాస్త ఎక్కువలోనే వై-ఫై 6 రకం వస్తుంది, అది తీసుకోండి. అయితే యాంటెన్నాలు లెక్కబెట్టడం మానేసి, వెనక వాన్ (నెట్ లోపలికొచ్చే), లాన్ (పరికరాలకు ఇచ్చే) పోర్టులు గిగాబిట్‌వేనా (1000 ఎంబీపీఎస్‌వేనా) అని పెట్టె తిప్పి చదవండి. చవక వాటిలో కొన్నిటికి ఇప్పటికీ 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి.