మూడు బోర్డులు లేచాయి, సంగటి పోయింది

ముందే చెప్తున్నా, హోటల్ పేరు రాయను, ఆ అన్న నాకు పదేళ్లుగా తెలుసు. తిరుపతి బస్టాండు దగ్గర సందులో నాలుగు టేబుళ్లు. పొద్దున కారం దోసె, మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు, అంతే. వాటికే జనం బయట నిలబడేవాళ్లు.

అప్పట్లో సంగటి ఎట్లా ఉండేదంటే, బియ్యం మెత్తగా ఉడికాక పైన రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, వాళ్ల ఇంటావిడ తెడ్డుతో ఉండ లేకుండా కెలికి, పొగలొస్తుండగానే ముద్ద చేసి ప్లేట్లో పెట్టేది. సంగటికి ఆ వేడే ప్రాణం. చల్లారిందా, పైన తోలు కడుతుంది, లోపల గట్టిపడుతుంది, ఇక పులుసు పట్టదు.

నిరుడు తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు భక్తులతో ఊరంతా కిటకిటలాడుతుంటే, ఆయన గల్లాపెట్టె చూసుకుని వడ్డీకి డబ్బు తెచ్చి రేణిగుంట రోడ్డులో ఒకటి, తిరుచానూరు రోడ్డులో ఒకటి తెరిచేశాడు. అది కొండకొచ్చిన జనం, దర్శనం అయితే బస్సెక్కి పోతారు, వాళ్లని చూసి అడ్వాన్సులు కట్టేస్తే ఎట్లా? "ఏం న్నా, ఇంత తొందరెందుకు" అంటే, "ఇప్పుడు కాకుంటే ఎప్పుడు సార్, వచ్చే ఏడు చిత్తూరులో కూడా" అన్నాడు.

ఇప్పుడు మూడింటికీ మధ్యాహ్నం వంట ఒకేచోట. పదకొండుకే ముద్దలు చేసి, డబ్బాల్లో పెట్టి ఆటోలో పంపుతున్నారు. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని తిరుచానూరు రోడ్డు బ్రాంచికి వెళ్లాను. ముద్ద విరిస్తే పిడచలుగా రాలింది. పులుసులో రెండే ముక్కలు, అవీ ఫారం కోడేమోనని నా అనుమానం. చెనిక్కాయ చట్నీ నీళ్లనీళ్లు, రేటు మాత్రం పాతదాని మీద 60 రూపాయలు ఎక్కువ. వడ్డించే పిల్లోడు మా ప్లేట్లు పక్క టేబుల్‌కు ఇచ్చేశాడు, చేరి నాలుగు రోజులేనంట, పాపం తిట్టబుద్ధి కాలేదు. ఓనరు కోళ్లాయన బాకీ గురించి ఫోన్లో బతిమాలుతూ, నన్ను చూసి తల ఊపాడు. ఒకప్పుడు "ఇంకో ముద్ద వేసుకో సార్" అని వెంటపడిన మనిషి.

ఏసీ బాగుంది. పార్కింగ్ కూడా ఉంది.

రెండు స్టార్లు, అందులో ఒకటి పాత పరిచయానికి. కారం దోసె మాత్రం సందులో ఇంకా ఆ పెనం మీదే పోస్తున్నారు, ఎర్రకారం, పైన పప్పులపొడి, ఏమీ మారలేదు. ఎనిమిదిలోపు వెళ్లండి, తర్వాత పిండి అయిపోతుంది.