మహాసభకా, కొండ కింద గ్రామసభకా?

ఒడిశా రాయగడలో మన తెలుగు పిల్లలు జియాలజీలో చేరగానే ఒకటే టెన్షన్: పెద్ద కాన్ఫరెన్సు చూడకపోతే వెనకబడిపోతామని.

అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభ చిన్నదేం కాదు. 1878లో పారిస్‌లో మొదలైంది, మామూలుగా నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 2020లో ఢిల్లీలో జరగాల్సింది కోవిడ్‌తో వాయిదా పడి, చివరికి 2022 మార్చిలో ఆన్‌లైన్‌లో అయిందనిపించారు. 2024లో బుసాన్. అక్కడైతే కొత్త పద్ధతులు, పరిచయాలు దొరుకుతాయి. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే ఖనిజం నుంచి తీసేదానికయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలన్న లెక్కలు అలాంటి చోటే బాగా తేలతాయి. ఖర్చు మాత్రం తడిసి మోపెడు.

గ్రామసభలో పవర్‌పాయింట్ ఉండదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లో జడ్జి సమక్షంలో 12 గ్రామసభలు పెట్టారు. అక్కడి ఆదివాసులు దేవుడిగా కొలిచే నియమగిరి కొండపై బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకం వద్దని పన్నెండూ తేల్చేశాయి. దేవుడి మాటతో పాటు నీటి మాటా వచ్చింది. కొండ నెత్తిన బాక్సైట్ పొర గుల్లగా ఉంటుంది. వాననీళ్లు తాగి, కింద ఊటలుగా మెల్లగా వదులుతుంది. ఇది స్లైడులో చూస్తే ఒక గీత, వేసవిలో వాగు దగ్గర నిలబడి చూస్తే పాఠం.

నన్నడిగితే ముందు కొండే. అలాగని ఒక్క నియమగిరే చూసి రాకండి. బాక్సైట్ తవ్వే చోటు ఎలా ఉంటుందో తెలియడానికి దమన్‌జోడి దగ్గర పంచపట్మాలి గనీ చూడాలి, కుదిరితే అనుమతి తీసుకుని. మహాసభకు డిగ్రీ అయ్యాక వెళ్లొచ్చు, అదెక్కడికీ పోదు.