కంబోడియా 'అనాథ పిల్లల పరిచర్య' ట్రిప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. నిన్న ఒక మిషన్ ట్రిప్ పోస్టర్ నా ఫోన్‌కి వచ్చింది. కంబోడియా, పది రోజులు, 'అనాథ బిడ్డల మధ్య పరిచర్య'. పోస్టర్ మధ్యలో ముందు పళ్ళు ఊడిన ఒక పాప నవ్వుతోంది. ఆ ఫోటో తీసింది నేనే, కిందటి బ్యాచ్‌లో వెళ్ళినప్పుడు. ఆ పాప అనాథ కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఇన్నాళ్ళు ఊరుకున్నాను. పోస్టర్ చూశాక ఊరుకోలేకపోయాను. సంస్థ పేరు రాయను. రాస్తే తప్పు వాళ్ళొక్కరిదే అనుకుంటారు, ఇదే సరుకు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు.

నేను కట్టింది దాదాపు రెండు నెలల జీతం, విమానం టికెట్ కాకుండా. అప్పుడే అనుమానం రావాల్సిన కాగితాలు రెండు నా చేతిలోనే ఉన్నాయి. మొదటిది దరఖాస్తు ఫారం. పాస్‌పోర్ట్ కాపీ అడిగారు, టీషర్ట్ సైజు అడిగారు, రక్షణ సాక్ష్యం పది వాక్యాల్లో రాయమన్నారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగలేదు. పిల్లలతో పనిచేసిన అనుభవం ఉందా అనీ అడగలేదు. నన్ను అడగలేదంటే నా పక్క సీటు మనిషినీ అడగలేదనేగా? రెండోది రసీదు. కట్టింది ఫీజు, రసీదులో రాసింది 'ప్రేమ కానుక'. కానుక కాబట్టి తిరిగి ఇవ్వరు, లెక్కా చెప్పరు. ఇందులో పిల్లలకెంత, మా హోటల్‌కెంత అని తర్వాత అడిగితే "దేవునికిచ్చినదానికి లెక్క అడుగుతారా సిస్టర్?" అన్నారు. ఎందుకడగకూడదు? పౌలు అంతటివాడు యెరూషలేము పేదల చందా విషయంలో తన మీద మాట రాకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి.

బయల్దేరే ముందు రోజు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఇమిగ్రేషన్‌లో అడిగితే 'అంగ్‌కోర్ వాట్ చూడడానికి వచ్చాం' అని మాత్రమే చెప్పండి, పిల్లలుండే హోమ్ సంగతి ఎత్తకండి అని. కంబోడియాలో టూరిస్ట్ వీసా వేరు, పనిమీద వచ్చేవాళ్ళు తీసుకోవాల్సిన ఆర్డినరీ వీసా వేరు. మాకు తీయించింది టూరిస్ట్ వీసా. సేవకని బయల్దేరి గడప దాటకముందే అబద్ధం ప్రాక్టీసు చేశాం. పదకొండు మందిలో నేనొక్కదాన్నే గొడవెందుకని నోరు మూసుకున్నాను.

హోమ్ సియెమ్ రీప్ ఊరి బయట ఉంది. వ్యాను ఆగగానే ముప్పైమంది దాకా పిల్లలు వరసగా నిలబడి ఇంగ్లీషులో స్వాగతం పాట పాడారు. పాట అయ్యీ అవగానే ఆ పళ్ళూడిన పాప వచ్చి నా చూపుడు వేలు పట్టుకుంది. ఇక వదల్లేదు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో నా చున్నీ కొస పట్టుకునే తింది. "నువ్వంటే ఎంత ప్రేమో చూడక్కా" అంది మా టీమ్‌లో చిన్నమ్మాయి. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి ఫోటో పెట్టి, దేవుడు నాకు ఈ పిల్లల పట్ల భారం ఇచ్చాడని స్టేటస్ రాసుకున్నాను.

నాలుగో రోజు, మేం అక్కడ ఉండగానే ఇంకో వ్యాను వచ్చింది. వేరే దేశం వాళ్ళు. పిల్లలు మళ్ళీ వరసలో నిలబడ్డారు. అదే పాట, చేతులూపడం కూడా అదే చరణం దగ్గర. పాట కాగానే పాప నా వేలు వదిలి వెళ్ళి, అప్పుడే దిగినావిడ వేలు పట్టుకుంది. ఆవిడది కూడా చూపుడు వేలే.

అది పాప తప్పు కాదు. అమ్మ దగ్గర పెరిగే పిల్ల కొత్తమనిషి కనబడితే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ఎవరొచ్చినా వెంటనే అతుక్కుపోవడం హోమ్‌లలో పెరిగే పిల్లల్లో డాక్టర్లు ఎన్నాళ్ళుగానో గమనిస్తున్న దెబ్బ. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక పరిశోధనలో 136 మంది పసిపిల్లల్ని ఏళ్ళ తరబడి చూశారు. వాళ్ళలో కొందరిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. హోమ్‌లోనే ఉన్నవాళ్ళకంటే కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు తెలివిలోనూ, మనుషులతో అనుబంధంలోనూ మెరుగయ్యారు, అదీ రెండేళ్ళ లోపే వెళ్ళినవాళ్ళు మరీనూ. పది రోజులకొక బ్యాచ్ వచ్చి ముద్దు చేసి వెళ్ళిపోతుంటే ఆ పిల్లకి ఎన్ని వేళ్ళు చేజారినట్టు?

ఇక అనాథల సంగతి. వీళ్ళ అమ్మానాన్నలు నియంత పోల్ పాట్ కాలంలో పోయారని మొదటిరోజు ఓరియెంటేషన్‌లో చెప్పారు. తలలు వంచి ప్రార్థన చేశాం, ఒకరిద్దరు ఏడ్చారు కూడా. ఒక్కరం లెక్క వేసుకోలేదు. పోల్ పాట్ నడిపిన ఖ్మేర్ రూజ్ పాలన 1975లో మొదలై 1979 జనవరిలో కూలిపోయింది. పాపకి ఆరేళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం వెనక గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. చేతిలో తామరకాయల కట్ట. పాప "మాక్" అని అరుస్తూ పరుగెత్తింది. ఖ్మేర్ అక్కడి భాష, నేను ఫోన్‌లో నేర్చుకున్న నాలుగు ఖ్మేర్ మాటల్లో అదొకటి. అమ్మ. ఆమె గేటు ఊచల్లోంచి గింజలు ఒలిచి ఒక్కొక్కటే పాప నోట్లో పెడుతోంది. మా టుక్‌టుక్ అబ్బాయికి కాస్త ఇంగ్లీషు వచ్చు, బతిమాలి మాట్లాడించాను. ఊళ్ళోకి ఒకాయన వచ్చి తిండి, చదువు, ఇంగ్లీషు అన్నీ ఉచితం అన్నాడట. ఆమెకి ఇంకా ఇద్దరు పిల్లలు, భర్త థాయ్‌లాండ్‌కి కూలికి వెళ్ళాడు. పంపించింది. విదేశీయులు ఉన్న రోజుల్లో ముందు గేటుకి రావద్దన్నారట, అందుకే వెనక నిలబడింది.

మా కోఆర్డినేటర్ బ్రదర్‌ని అడిగాను. "అవన్నీ మీకెందుకు సిస్టర్, ప్రార్థన చేయండి" అన్నారు.

మాకే జరిగిందనుకోకండి. కంబోడియా ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి 2011లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం ఇలాంటి హోమ్‌లలో ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2005 నుంచి 2010 లోపల హోమ్‌ల సంఖ్య 75 శాతం పెరిగింది. అంతమంది కొత్తగా అనాథలయ్యే ఉపద్రవం ఆ ఐదేళ్ళలో ఏదీ రాలేదు. వచ్చింది టూరిస్టులు, మాలాంటి వాలంటీర్లు, వాళ్ళతోపాటు విరాళాలు. ఇలా విరాళాల కోసం పిల్లల్ని హోమ్‌లలో చేర్చి వాడుకోవడాన్ని ఆస్ట్రేలియా 2018లో తన ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దోపిడీగా గుర్తించింది. 2010లో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లల్ని సరిహద్దు దాటించబోయి పదిమంది అమెరికన్ మిషనరీలు అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారు. వాళ్ళూ మాలాగే మంచిపని చేస్తున్నామనే బయల్దేరి ఉంటారు.

పోస్టర్ కింద యాకోబు పత్రిక 1:27 అచ్చువేశారు, సగమే. దిక్కులేని పిల్లల వరకు రాసి ఆపేశారు. వాక్యంలో పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ఆ తల్లి మొగుడు బతికే ఉన్నాడు లెండి, కానీ చేతిలో ఏమీ లేక ఒంటరిగా బిడ్డల్ని సాకుతున్న ఆడమనిషి, మేం పరామర్శకి వెళ్ళిన చోటే గేటు బయట ఉంది. నాతో పాటు పదకొండు మంది ఖర్చుపెట్టిన దాంట్లో కొంత ఆమె చేతికి అందినా పాప ఇంట్లోనే ఉండి బడికి వెళ్ళేది.

మిషన్ ట్రిప్పులే వద్దని నేననను. అక్కడి సంఘం పిలిస్తే వెళ్ళి నర్సులకో టీచర్లకో శిక్షణ ఇచ్చి వచ్చినవాళ్ళు నాకు తెలుసు, అక్కడి కుటుంబాలకు ఆసరాగా ఉండే స్థానిక చర్చిలకి నెలనెలా పంపేవాళ్ళూ తెలుసు. వాళ్ళ పోస్టర్ల మీద పిల్లల ముఖాలుండవు. మీరు డబ్బు కట్టే ముందు ఒక్కటి గట్టిగా అడగండి: ఈ పిల్లలకి తల్లిదండ్రులున్నారా, ఉంటే ఇక్కడెందుకున్నారు, కిందటేడు ఎంతమందిని ఇంటికి చేర్చారు? తడుముకుంటే వదిలేయండి. పోలీస్ సర్టిఫికెట్ అడగకపోయినా, వీసా దగ్గర అబద్ధం చెప్పమన్నా, పిల్లలతో ఒంటరిగా వదిలినా అంతే. ఇప్పటికే అక్కడున్నవాళ్ళకి ఏదైనా తేడాగా కనిపిస్తే కంబోడియాలో చైల్డ్‌సేఫ్ అని హాట్‌లైన్ ఉంది, 'పిల్లలు టూరిస్ట్ ఆకర్షణలు కారు' అని ప్రచారం చేసింది వాళ్ళే. నాకప్పుడు తెలియదు.

నా తప్పు కూడా చెప్పాలి. తిరిగొచ్చాక చర్చిలో సాక్ష్యం చెప్పమంటే చెప్పాను. పాట గురించి, పాప నా వేలు పట్టుకోవడం గురించి చెప్పాను. వెనక గేటు సంగతి చెప్పలేదు. ఆ సాక్ష్యం విని ఇద్దరు పేర్లిచ్చారు, వాళ్ళకి ఈ ఉదయం ఫోన్ చేసి అన్నీ చెప్పాను.

ఫోటో తీసేయమని నిన్న రాత్రి మెయిల్ పెట్టాను. గ్రూపులో పంపినప్పుడే అది పరిచర్యకి ఇచ్చినట్టు అని జవాబొచ్చింది. పోస్టర్‌లో 12 సీట్లని ఉంది, ఏడు నిండాయట. ఆ ఏడుగురిలో ఎవరైనా ఇది చదువుతుంటే రెండో వాయిదా కట్టకముందే నాకు మెసేజ్ చేయండి. నా రసీదు, ఆ వీసా మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపిస్తాను.