ప్లగ్, బల్లార్డ్, బ్లూమ్: ఫ్యూయల్ సెల్ షేర్లలో ఏది మేలు?

ఇంధనాన్ని మండించకుండా రసాయన చర్యతో కరెంటు తీసే పరికరమే ఫ్యూయల్ సెల్. వాటిని తయారుచేసే ఈ మూడు కంపెనీలనూ ‘హైడ్రోజన్ షేర్లు’ అంటూ ఒకే గాటన కట్టేయడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. అమెరికా కంపెనీ ప్లగ్ పవర్, కెనడా కంపెనీ బల్లార్డ్ తయారుచేసేవి పెమ్ రకం (పలచటి పొర ద్వారా ప్రోటాన్లను పంపే) సెల్స్. వాటికి ప్లాటినం ఉత్ప్రేరకం ఉంటుంది. హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 0.2 మించకూడదు, మించితే ప్లాటినం మందగిస్తుంది. అందుకే 99.97 శాతం శుద్ధమైన వాయువు కావాలి. దాన్ని తయారుచేయడం, మోసుకెళ్లడం, నింపడం అన్నీ ఖర్చే. బ్లూమ్ ఎనర్జీది సాలిడ్ ఆక్సైడ్ (సిరామిక్ పొర వాడే) రకం. చాలా ఎక్కువ వేడి మీద పనిచేస్తుంది, పైపులో వచ్చే సహజవాయువుతోనే నడుస్తుంది. హైడ్రోజన్ చౌకయ్యేదాకా దీని వ్యాపారం ఆగనక్కర్లేదు.

ఆ తేడా లెక్కల్లో సూటిగా కనిపిస్తుంది. 2024లో బ్లూమ్ ఆదాయం సుమారు 147 కోట్ల డాలర్లు, గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లో తయారీ, సర్వీసు ఖర్చులు పోను మిగిలేది) 27 శాతం పైన. అదే ఏడాది ప్లగ్ ఆదాయం సుమారు 63 కోట్లు, నష్టం 200 కోట్లు దాటింది. ప్లగ్‌కు అమెజాన్, వాల్‌మార్ట్ వంటి పెద్ద ఖాతాదారులున్నారు, దాని సెల్స్‌తో గోదాముల్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు నిజంగానే తిరుగుతున్నాయి. దెబ్బంతా ఇంధనం దగ్గరే. 2023లో ఖాతాదారులకు అమ్మిన హైడ్రోజన్‌పై వచ్చినదానికి మూడు రెట్లకు పైగా దాని మీదే ఖర్చయింది. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. ఆ లోటు పూడ్చడానికి కొత్త షేర్లు జారీ చేస్తూ పోయారు. 2021 చివర 58 కోట్ల దగ్గరున్న షేర్లు 2024 చివరికి 90 కోట్లు దాటాయి. కంపెనీ పెరిగినా మీ వాటా తరిగిపోతుంది.

బల్లార్డ్ ఎక్కువగా బస్సుల ఇంజన్ల మీద ఆధారపడింది. గ్రాస్ మార్జిన్ 2024లోనూ సున్నాకు దిగువే. కాకపోతే బ్యాంకు అప్పు లేదు, 2024 చివర చేతిలో సుమారు 60 కోట్ల డాలర్ల నగదు ఉంది. అంతకుముందు ఏడాది అది 75 కోట్లు. ఏటా 15 కోట్లు కరిగితే నాలుగేళ్లు నెట్టుకురాగలదు. ఈ ఒక్క భాగహారం ప్రతి మూడు నెలల ఫలితాల తర్వాతా చేసుకోండి. రెండేళ్ల లోపుకి దిగితే కొత్త షేర్ల జారీ దగ్గరపడినట్టే.

వ్యాపారంగా నిలబడింది బ్లూమ్ ఒక్కటే, నా ఓటు దానికే. డేటా సెంటర్లకు గ్రిడ్ కరెంటు సకాలంలో దొరకడం లేదు. ఆ గిరాకీకే 2024 నవంబరులో అమెరికా విద్యుత్ సంస్థ ఏఈపీతో ఒక గిగావాట్ వరకు ఒప్పందం కుదిరింది, అందులో మొదటి ఆర్డరు 100 మెగావాట్లు. జాగ్రత్తపడాల్సింది ధర విషయంలో. ఆ వార్తలన్నీ ఇప్పటికే షేరు ధరలో ఎక్కేశాయి, వంద కోట్ల డాలర్లు దాటిన అప్పూ ఉంది. ఒకేసారి కాక విడతలుగా కొనడం మంచిది. బ్లూమ్ యంత్రాల్లో సెల్స్ పేర్చిన దొంతరలను కొన్నేళ్లకోసారి మార్చాలి గనుక సర్వీసు విభాగం మార్జిన్‌ను విడిగా చూడండి. హైడ్రోజన్ మీదే పందెం కాయాలనుకునేవారికి బల్లార్డ్, అదీ పోయినా తట్టుకోగల సొమ్ముతో. ప్లగ్ గ్రాస్ మార్జిన్ వరసగా నాలుగు త్రైమాసికాలు సున్నా పైన నిలిచేదాకా దాని జోలికి పోవద్దు.

పాత చార్టుల్లో వేల డాలర్ల ధర చూసి ‘ఎంత పడిందో, ఇక లేస్తుంది’ అనుకోకండి. కంపెనీ కొన్ని షేర్లను కలిపి ఒకటి చేస్తే చార్టుల్లో పాత ధరలను అన్ని రెట్లు పెంచి చూపిస్తారు. ఈ రంగంలోని మరో అమెరికా కంపెనీ ఫ్యూయల్‌సెల్ ఎనర్జీ 2019లో 12 షేర్లను ఒకటి చేసింది, 2024లో మళ్లీ 30 షేర్లను ఒకటి చేసింది. 2019లో అలా కలపడానికి ముందు చేతిలో 360 షేర్లున్నవారి ఖాతాలో ఇప్పుడున్నది ఒక్క షేరు.